గోడకు ఇవతల చిన్నత్త

మొన్న మా ఆఫీసులో మీటింగు నడుస్తోంది. ఫ్లైఓవరు పక్కనున్న అపార్టుమెంట్లకు ట్రాఫిక్ మోత తగలకుండా అడ్డుపలకలు ఎంత ఎత్తున బిగించాలన్నది ఆనాటి చర్చ. మా పెద్దసారు ఏదో చెబుతూ ఉండగా ట్యూబులైటు వెనక బల్లి పలికింది. నా చెయ్యి నన్ను అడక్కుండానే బల్లమీద టకటకా తట్టేసింది. అందరూ నావైపు చూశారు. "ఏం మేడమ్, సార్ చెప్పింది సత్యమేనంటారా?" అని ఒకాయన నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నారో నాకు ఒక్క ముక్క తెలియదు. ఆ తట్టడం నాది కాదు. అది మా చిన్నత్తది.

చిన్నత్త అంటే మా నాన్న చెల్లెలు. తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ పోయే పెద్ద రోడ్డు పక్క ఒక ఊళ్ళో, రోడ్డును ఆనుకున్న మొదటి ఇల్లు ఆమెది. మా వాళ్ళంతా ఆ నల్లరేగడి నేలలో తరతరాలుగా పత్తి పండించుకుంటూ బతికినవాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఈ తెలుగు అక్షరాలు నేను హైదరాబాదు ఉద్యోగానికి వచ్చాకే నేర్చుకున్నాను. మా ఇంటి తెలుగు మాట్లాడితే ఇక్కడివాళ్ళు "మీరు ఏ కాలం మనుషులండీ!" అంటారు. అనుకోనీ. అత్త మాటలు మాత్రం ఆమె అన్నట్టే రాస్తాను.

ఆమెతో మాట్లాడాలంటే ఓపిక కావాలి. లారీ వస్తే మాట మధ్యలో కుడిచెయ్యి పైకి లేపేది. లారీ పోయేదాకా ఆ చెయ్యి అట్లాగే ఉండేది. పోయాక దించి, ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కణ్ణుంచే అందుకునేది.

"నిన్న మీ నాయనను ఆస్పత్రికి ఎత్తుకోని పోయినారంట, ఆడ డాక్టరు చూసి..."

చెయ్యి లేచేది. తూత్తుకుడి ఉప్పు లారీ. దాని వెనక ఇంకొకటి. వాటి వెనక హారను మోగిస్తూ శివకాశి ఫ్యాక్టరీ వ్యాను. చెయ్యి దిగేది.

"...కంటికి మందు పోసి పంపించినాడంట."

"అంత మాత్రానికి నన్ను చంపేశావు కదత్తా!" అని నేను మొత్తుకుంటే, "నేనేమి చేసేది? లారీని అడుగు పో" అనేది.

గొంతు మాత్రం పెద్దది. టీవీ పెడితే వీధి చివరికి వినపడేది. మనం ఒకటి అడిగితే మరొకటి చెప్పేది. రోడ్డు పక్క కాపురాలంతే, అందరూ అరుస్తారు, ఎవరూ వినరు అనుకునేవాళ్ళం. మేమూ ఆమెతో అరిచే మాట్లాడేవాళ్ళం. ఇంటికొచ్చాక కూడా కాసేపు ఆ అరుపు వదిలేది కాదు, మా అమ్మ తిట్టేది.

ఆ ఇంట్లో ముందుగది గోడ దగ్గర ఒక తాటాకు పెట్టె ఉండేది. అదే సామి. ఎన్ని తరాల కిందటో ఆ ఇంటి కోడలు ఒకామె కడుపుతో ఉండి ఆ గదిలోనే పోయిందట. ఆమె పేరు ఎవరికీ తెలియదు. ఆమె పేరున ఏటా ఒక కొత్త చీర పెట్టెలో పెట్టి, పాత చీరను ఆ ఇంటి కోడలు కట్టుకోవాలి. చిన్నత్త అంగడికి పోయి తనకోసం చీర కొనుక్కోగా నేను చూడలేదు. ఎప్పుడూ పోయినేటి సామి చీరే. పెళ్ళయిన కొన్నేళ్ళకే మామ పోయాడు, పిల్లలు లేరు. ఆ ఇంటికి మిగిలిన ఆఖరి కోడలు ఆమే, దీపం పెట్టేదీ ఆమే.

ఇక బల్లి సంగతి. ఆ ఇంట్లో ఏ పెద్ద పని తలపెట్టినా శుక్రవారం సందెవేళ పెట్టె ముందు దీపం పెట్టి, కూచుని, మనసులో అడగాలి. పెట్టె వెనక గోడ మీద బల్లి పలికితే సామి సరేనన్నట్టు. వేలి కణుపులతో నేలను తట్టి లేవాలి. పలకకపోతే మళ్ళీ శుక్రవారం. ఒకసారి అడిగాక జవాబొచ్చేదాకా ఇంకో మాట అడక్కూడదు, అడిగిన మనిషి వేరేచోట నిద్ర చెయ్యకూడదు. విత్తనం వేసేదానికీ, బావి తవ్వేదానికీ, చిన్నత్తను ఆ ఇంటికి కోడలిగా తెచ్చుకునేదానికీ అట్లాగే అడిగారట. రెండు వరుసల రోడ్డు ఉన్న కాలంలో అడిగిన గడియలోనే జవాబు వచ్చేదని ఆమె చెప్పేది.

రోడ్డు నాలుగు వరుసలయింది. వాకిలి పోయింది, వేపచెట్టు పోయింది, పెట్టె ఉన్న గది రోడ్డు అంచుకొచ్చింది. సరిగ్గా ఆ తర్వాతే విరుదునగర్‌లో మా పెద్దత్త మొగుడు పోయాడు. పెద్దత్తకు అక్కడ ఒక మెస్సు ఉంది, పప్పుమిల్లుల్లో పనిచేసేవాళ్ళు వచ్చి తింటారు. కర్మలయ్యాక ఆమె చెల్లెలికి ఫోను చేసింది.

"రాయే, ఇద్దరముంటే పొయ్యి కాడ ఒకరు, ఆకు కాడ ఒకరు. ఇంగెన్నాళ్ళు ఆ రోడ్డుకు కావలుంటావు?"

"వస్తానక్కా. సామిని అడిగి, మరుదినమే వచ్చేస్తా."

అడిగింది. ఆ అడగడమే ఆమె కొంప ముంచింది.

ఆ గదిలో కూచుంటే మన మాట మనకే వినపడదు, ఇక బల్లి మాట ఎక్కడిది! గోడ దడదడలాడేది, దీపం వణికేది. శుక్రవారం తర్వాత శుక్రవారం అట్లాగే గడిచాయి. "పెట్టెను వెనకగదిలో పెట్టుకుని విను" అన్నాను ఒకసారి. ఏదో పెద్ద ఉపాయం చెప్పినట్టు నాకు గర్వం కూడా. ఆమె నన్ను జాలిగా చూసింది.

"పెట్టిని కదిలించేదానికే కదా పాపా అడుగుతాండాను?"

అదీ సంగతి. సామి ఒప్పుకుంటేగానీ పెట్టె కదలదు. పెట్టె కదిలితేగానీ సామి ఒప్పుకుందో లేదో వినపడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో మా అత్త. నా పెళ్ళి కోవిల్‌పట్టిలో జరిగితే పొద్దున వచ్చి, తలంబ్రాలు చూసి, భోజనం కాగానే మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండి, తర్వాత ఆమె ఇంటికి పోయినప్పుడు అడిగేశాను.

"ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితిలో పడిందంట. తెలుసా నీకు?"

"పడినాదంటే తొట్టికి ఎవురో మూత పెట్టలేదు. బల్లి తప్పు యాడుండాది?"

"నీకు ఇక్కడ ఉండాలనుందా అసలు?"

"ఈడ ఉండేదానికి నాకేమి పిచ్చా? అక్క కాడికి పోవాలని పానం కొట్టుకుంటాండాది. ఆ నూనె పరోటా వాసన కలలోకి వస్తాండాది పాపా."

"అయితే పెట్టెను చంకలో పెట్టుకుని బస్సెక్కు."

గబుక్కున నా నోరు మూసింది. "అట్ల అనకు. ఆమె ఈ ఇంటి కోడలు, నేనూ ఈ ఇంటి కోడలు. అడక్కుండా ఆమెను లేపుకోని పోయేదానికి నేనెవురు?"

గాలిమర రెక్కలు మోసుకుపోయే పొడవాటి ట్రైలర్లు కయత్తారు వైపు పోతుంటాయి. అవి అత్త ఊరి మలుపు దగ్గర తిరగాలంటే రెండువైపులా బండ్లు ఆపేస్తారు. ఆ రోడ్డు నోరు మూసుకునేది అప్పుడొక్కటే. ఒక శుక్రవారం సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. అత్త అంట్లు తోముతోంది. బయట టీ అంగడాయన "రెక్క వస్తాండాది!" అని కేకేశాడు. అంతే, అత్త చేతికంటిన బూడిదతోనే లోపలికి పరిగెత్తి పెట్టె ముందు చతికిలబడింది. నేనూ వెనకే పోయాను. నిజంగానే నిశ్శబ్దం. అత్త కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. అంతలో ఆగిన బండ్లవాళ్ళలో ఒకడికి ఓపిక చచ్చింది, హారను కొట్టాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. తర్వాత ఊరంతా ఒకటే హారన్ల మోత. అత్త కళ్ళు తెరిచి, "వాళ్ళకు ఇంట్లో ఏమి అవసరమో పాపం" అంది. నేనైతే రాయి తీసుకుని బయటికి పోయేదాన్ని.

అప్పటికి నాకు ఈ రోడ్ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మోతకు అడ్డుగోడ కట్టొచ్చని ఆమెకు చెప్పింది నేనే. చెప్పాక ఊరుకునే మనిషా! మొదట పత్తికట్టె మోపులు నిలబెట్టి దడి కట్టింది. మోత దాంట్లోంచి తిన్నగా వచ్చింది. పాత రేకులు తెచ్చి పాతింది. అవి లారీ పోయినప్పుడల్లా గడగడలాడి రోడ్డుకు తాళం వేశాయి. "బరువుండాలత్తా, నీకన్నా ఎత్తుండాలి, సందు ఉండకూడదు" అని ఫోనులో అరిచాను. సరేనని పొలంలోంచి నల్లమట్టి తోలించి, పొట్టు కలిపి తొక్కించి, ఇంత మందాన గోడ పెట్టింది.

నల్లమట్టితో గోడ! ఎండాకాలం ఆ నేల బీటల్లో మేకపిల్ల కాలు ఇరుక్కుంటుంది. ఆ సంగతి ఊళ్ళో పసిపిల్లలకు తెలుసు. ఆమెకు తెలియదా? తెలుసు. "పత్తికి పనికొచ్చే మన్ను నాకు పనికి రాదా?" అంది. చలికాలమంతా గోడ రాయిలా నిలిచింది. ఎండలు ముదరగానే పైనుంచి కిందిదాకా నోళ్ళు తెరిచింది. నేను పోయి చూసేసరికి ఆ బీటల్లో చీరపేలికలు కూరుతోంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తాను కట్టి చినిగిన సామి చీరలన్నీ. చూడలేక నేనూ పక్కన కూచుని కూరాను.

ఇది చాలదన్నట్టు రోడ్డుకు అవతలివైపు ఒక కాలేజీవాళ్ళు తమ పిల్లల చదువుకు అడ్డం కాకుండా ఎత్తైన నున్నటి సిమెంటు గోడ కట్టుకున్నారు. అటు పోవలసిన మోత దానికి కొట్టుకుని ఇటే వచ్చి పడింది. ఇక నేను ఊరుకోలేదు. అర్జీ రాసి అత్తతో సంతకం పెట్టించి రోడ్డు ఆఫీసుకు పంపాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చాలాకాలానికి ఒకాయన చేతిలో మీటరుతో వచ్చి, అటూ ఇటూ పట్టి చూసి, సద్దు ఎక్కువే ఉందని చెప్పి వెళ్ళాడు. "ఉండాదని చెప్పేదానికి మిసను ఏమిటికి పాపా?" అంది అత్త. అంతకన్నా నేనూ చెప్పగలిగిందేమీ లేదు.

చివరికి గోడ వచ్చింది. మలుపు దగ్గర వంతెన కడుతూ, ఊరి పొడుగునా మనిషికి రెండింతల ఎత్తున అడ్డుపలకలు బిగించారు. నేను సెలవు పెట్టి మరీ పోయాను. బస్సు దిగి, ఆ పలకల చివరిదాకా నడిచి, చుట్టూ తిరిగి ఊళ్ళోకి రావలసి వచ్చింది. టీ అంగడాయన ఖాళీ బెంచీ మీద కూచుని ఉన్నాడు. రోడ్డు మీద పోయేవాళ్ళకు ఇప్పుడు అతని అంగడి కనపడదు.

"మీ అత్త బల్లి మాట వినేదానికి మా నోట్లో మన్ను కొట్టినాది" అన్నాడు. అంటూనే అత్తకు ఇమ్మని గ్లాసులో టీ పోసిచ్చాడు.

అత్త ఇల్లు నూతిలో దించినట్టుంది. గడప దాటితే పలక. గాలి లేదు, బస్సు కనపడదు, మనిషి కనపడడు. కానీ మోత! మోత ఎక్కడుంది? ఎవరింట్లోనో కుక్కరు కూత వినపడింది. మేక అరుపు వినపడింది. పిచ్చుకలు కొట్లాడుకోవడం వినపడింది. రోడ్డు ఎక్కడో అవతలి ఊళ్ళో పోతున్నట్టుంది. నా పని నాకే ముద్దొచ్చింది.

"అక్క రోజూ పోను చేస్తాండాది" అంది అత్త. "నేను వస్తే మేడమీద గది..."

చెయ్యి లేచింది. నేను అలవాటుగా ఆగాను. లారీ ఏదీ రాలేదు. చెయ్యి కాసేపు అట్లాగే ఉండి దిగింది.

"...కాలీ చేసి పెడతానంటాండాది."

"ఇంకా చెయ్యెందుకత్తా!" అని నవ్వాను. ఇన్నేళ్ళ అలవాటు ఒక్కరోజులో పోతుందా అనుకున్నాను.

సందెవేళ ఇద్దరం పెట్టె ముందు కూచున్నాం. శుక్రవారమే. దీపం కదలకుండా వెలుగుతోంది, ఆ గదిలో అట్లా వెలగడం నేను చూడలేదు. అత్త కళ్ళు మూసుకుంది. కాసేపటికి పెట్టె వెనకనుంచి, గోడ మీద, గట్టిగా, తీరిగ్గా బల్లి పలికింది. టకటకా నేలను తట్టాను. అత్త కదల్లేదు. నేల అదిరిందేమో, కళ్ళు తెరిచి నా చేతివైపు చూసింది.

"ఏమి?"

"పలికిందత్తా! పెట్టె వెనకే! వినలేదా?"

ఆమె నా కళ్ళల్లోకి చూడలేదు, నోటివైపు చూసింది. ఎన్నాళ్ళనుంచి అట్లా చూస్తోందో మాలో ఎవరికీ తట్టలేదు. అంతలో మళ్ళీ పలికింది. ఆమె మణికట్టు పట్టుకుని, "ఇదుగో! మళ్ళీ!" అని అరిచాను. ఆమె తల గోడవైపు వంచి, ఊపిరి బిగబట్టి, కుడిచెయ్యి మెల్లగా పైకెత్తింది.

"ఆ లారీ పోనీ పాపా" అంది. "పోయినాక వింటా."

బయట ఏ లారీ లేదు.

నా మొహం చూసి ఆమెకే అర్థమయింది. చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుంది. "సద్దు పోయినాదని ఊరంతా అంటాండారు. టీ అంగడాయన నన్ను తిడతాండాడు. నేనూ ఆమా ఆమా అని తల ఊపుతాండాను. నాకు మటుకు అట్లే ఉండాది. పండుకున్నా నా చెవిలో లారీలు పోతానే ఉండాయి."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమెను పట్టుకుని ఏడుస్తూనే అరిచాను. "నేను విన్నాను కదా! రెండుసార్లు పలికింది. లే, ఇప్పుడే విరుదునగర్ పోదాం."

"నువ్వు నా పుట్టింటి బిడ్డవు. ఈ ఇంటి సామి నీ చెవిలో ఏమిటికి చెప్తాది?" అంది. ఎంత మెల్లగా అందంటే, ఆమె గొంతు అట్లా కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

కోవిల్‌పట్టిలో డాక్టరుకు చూపించాం. లోపలి నరం దెబ్బతిన్నదన్నాడు. చెవికి పెట్టుకునే మిషను కొనిచ్చాను. కొన్ని శుక్రవారాలు అది పెట్టుకుని కూచుందట. "దీంట్లో ప్యాను, కుక్కరు, నీ గొంతు, అంతా ఒకటే కూత. సామి ఏది, మిసను ఏది అని నేనెట్ల తెలుసుకునేది?" అని గుడ్డలో చుట్టి గూట్లో పెట్టేసింది. ఆ తర్వాత కూడా కూచోవడం మానలేదు. గోడకు ఇవతల, పెట్టె ముందు, చెవిలో రోడ్డు పెట్టుకుని కూచునేది.

పోయిన వానాకాలంలో జ్వరమని పడుకుని మళ్ళీ లేవలేదు. పెద్దత్త వచ్చి అన్నీ చేయించింది. కర్మలయ్యాక ఊరి పెద్దలు పెట్టెను ఏం చెయ్యాలని మాట్లాడుకుంటుంటే, పెద్దత్త చెల్లెలు ఆఖరున కట్టిన చీరను ఉతికి మడిచి ఆ పెట్టెలో పెట్టింది. మూత వేసింది. ఎత్తి చంకన పెట్టుకుంది.

"అడగాల కదమ్మా" అన్నాడు ఒకాయన.

"అడిగింది చాలు. అడిగి అడిగి ఇది చచ్చింది. నేను ఈ ఇంటి కోడలిని కాదు, నాకేమి బయం?"

పెట్టెను ఒళ్ళో పెట్టుకుని విరుదునగర్ బస్సెక్కింది. పక్కన నేను కూచున్నాను.

ఇప్పుడా పెట్టె మెస్సు వంటింట్లో, పొయ్యికి ఎదురుగా అటక మీద ఉంది. పోయిన నెల నేను వెళ్ళాను. మధ్యాహ్నం జనం కిటకిటలాడుతున్నారు. గిన్నెల చప్పుడు, సాంబారు సాంబారు అని కేకలు, నూనెలో పరోటా చిటపటలు. ఆఖరి పంక్తి లేచి వెళ్ళాక వంటిల్లు ఒక్కసారి సద్దుమణిగింది. పెద్దత్త గంజి వంచుతోంది. అప్పుడు అటక మీద, పెట్టె వెనకనుంచి బల్లి పలికింది.

నా చెయ్యి లేచింది గానీ, పెద్దత్త మొహం చూసి వెనక్కి తీసుకున్నాను. ఆమె గిన్నె దించి, కొంగుతో చేతులు తుడుచుకుని, తలెత్తి ఆ గోడవైపు చూసింది.

"ఇప్పుడేమిటికే నీకు నోరు?" అంది. "అది నీతోనే వచ్చేసినాది కదా."